కోమో సరస్సూ జీవమ్మ చుట్టీ

జీవమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం నోట్లోకి దిగకుండా ఆపుకోవడమే అమ్వాజ్ దీవుల్లోని ఆ ఇంట్లో ఆమె చేసే అసలు ఉద్యోగం. వంట, గిన్నెలు, బట్టలు, మూడేళ్ళ కవల పిల్లలు, ఇవన్నీ ఆ తర్వాతే. ఇంటి యజమానురాలు లక్ష్మిప్రసన్న "ఉప్పెక్కువైంది జీవమ్మా" అన్నప్పుడల్లా జీవమ్మ నాలుక చివరికి ఒక మాట వస్తుంది. దాన్ని పళ్ళ మధ్య పట్టి, నమిలి, మింగి, "అట్లనా మేడం" అంటుంది. అలా మింగిన మాటలన్నీ పోగేస్తే ఆ ఇంటి గదులు చాలవు.

ఆమెది ఆర్మూరు దగ్గర పల్లె. భర్త పోయాక బీడీలు చుట్టి ఒక్కగానొక్క కూతురు బ్లెస్సీని పెంచింది. బీడీలతో ఇల్లు గడవక దుబాయి వచ్చింది. దుబాయి అంటే నిజంగా దుబాయి కాదు, ఈ అమ్వాజ్ ఉన్న బహ్రెయిన్. కానీ వాళ్ళ వైపు ఎడారి దేశం ఏది పోయినా దుబాయి పోయినట్టే లెక్క. మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడూ దుబాయిలోనే ఉంటాడు, కువైట్‌లో కారు తోలేవాడూ దుబాయిలోనే ఉంటాడు. దీన్ని ఎవరూ తప్పనుకోరు, ఎవరూ దిద్దరు. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ జీవమ్మ కూడా "ఈడ దుబాయిల ఎండలు మండుతున్నయ్" అనే అంటూ వచ్చింది.

ఆ ఇంటివాళ్ళు విజయవాడ మనుషులు. లక్ష్మిప్రసన్నకు బ్యాంకులో ఉద్యోగం. ఆమె భర్త లక్ష్మణ్ సిత్రా రిఫైనరీలో ఇంజినీరు. ఒకే భాష మాట్లాడే మనిషి దొరికిందని జీవమ్మను ఏరికోరి తెచ్చుకున్నారు. తెచ్చుకున్న మర్నాటి నుంచే ఆ భాషను వెక్కిరించడం మొదలుపెట్టింది లక్ష్మిప్రసన్న. "గిట్ల అనకు, గింత అనకు, పిల్లలకి వచ్చేస్తుంది" అని గదమాయించేది. పిల్లలకు ఎలాగూ వచ్చేసింది. చిన్నదైతే తల్లి మీద అలిగినప్పుడల్లా "పో అవుతల" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా జీవమ్మకు కడుపు నిండుతుంది, ఎందుకు దాచాలి.

ఆ ఏడాది ఆ ఇంట్లో గొడవంతా ఒక సరస్సు గురించి. మొగుడూ పెళ్ళాం భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కపక్కనే కూర్చుని, ఒకరి మీద ఒకరు కారాలు మిరియాలు నూరేవాళ్ళు. ఇటలీ వెళ్ళాలన్న దాంట్లో తగాదా లేదు. ఏ సరస్సు అన్న దగ్గరే తగాదా. ఆమె కోమో అంటుంది, ఆయన గార్డా అంటాడు. గార్డా దగ్గర పిల్లలకు ఆటల పార్కు ఉందంటాడు. ఆటల పార్కుకి ఇటలీ దాకా ఎందుకు, ఇక్కడ లేవా అంటుంది ఆమె. చివరికి ఆమె మాటే చెల్లింది, కోమో ఖాయమైంది. ఇక అక్కడి నుంచి, ఒడ్డున ఏ ఊళ్ళో దిగాలని కొత్త తగాదా. వరెన్నాలో దిగితే రైలుస్టేషన్ దగ్గర, సామాన్ మోసుకునే బాధ ఉండదంటాడు ఆయన. బెల్లాజియోలో దిగకపోతే కోమో వెళ్ళినట్టే కాదంటుంది ఆమె. బెల్లాజియో అంతా మెట్లే, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని నువ్వెక్కుతావా అంటాడు ఆయన. అప్పుడు ఆమె జీవమ్మ వైపు చూసేది. ఆ చూపుకు అర్థం జీవమ్మకు అప్పుడు తెలియలేదు.

వాళ్ళ స్నేహితుల కుటుంబాలు ఇంకో మూడు ఆ ప్రయాణంలో ఉన్నాయి. ఫోన్‌లో వాళ్ళ గ్రూపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా టింగుటింగుమంటూనే ఉండేది. కొండలు, వాటి కింద నీళ్ళు, నీళ్ళ మీద పడవ, గులాబీ రంగు ఇళ్ళు. లక్ష్మిప్రసన్న ఆ ఫోటోలు చూస్తూ కాఫీ చల్లార్చుకునేది. చల్లారిన కాఫీ మళ్ళీ వేడి చేయలేక జీవమ్మకు ప్రాణం విసిగేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఏ చెర్వు మేడం ఇది? మస్తు పెద్దగున్నది."

లక్ష్మిప్రసన్న తల వెనక్కి వాల్చి నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, అప్పటికప్పుడు ఫోన్ తీసి గ్రూపులో చెప్పింది. "మా జీవమ్మ లేక్ కోమోని చెర్వు అంటోంది, వినండి." అటునుంచి ఆడవాళ్ళ నవ్వులు ఫోన్‌లోంచి బయటికి వచ్చాయి. జీవమ్మకు ఒళ్ళు మండింది. నీళ్ళు నిలిస్తే చెర్వు కాక మరేమిటి, కొండలు పక్కనుంటే పేరు మారిపోతుందా. ఆ మాట కూడా నమిలి మింగింది.

అసలు సంగతి ఆ తర్వాత వారం బయటపడింది. బ్లెస్సీకి నెలలు నిండబోతున్నాయి. జూలై చివర కాన్పు అని డాక్టరు చెప్పింది. జూలైలో చుట్టి ఇస్తామని క్రిస్మస్ నాడే మాటిచ్చారు భార్యాభర్తలిద్దరూ. సెలవును అక్కడ అందరూ చుట్టి అనే అంటారు, మలయాళీ అయినా బెంగాలీ అయినా. లేబర్ క్యాంపుల్లో మగవాళ్ళు చుట్టి కోసం ఎదురుచూసినట్టు జీతం కోసం కూడా ఎదురుచూడరు.

"మేడం, జూలైల నా చుట్టి టికెట్ సూస్తున్నరా?" అని అడిగింది జీవమ్మ, పిల్లలకు అన్నం కలుపుతూ.

"అయ్యో, నీకు చెప్పనే లేదు కదూ," అంది లక్ష్మిప్రసన్న. "నువ్వూ మాతో ఇటలీ వస్తున్నావు. జూలైలోనే. పిల్లల్ని ఎవరు చూస్తారు మరి? చుట్టి సెప్టెంబర్‌లో వెళ్ళొచ్చులే."

జీవమ్మ చేయి అన్నంలోనే ఆగిపోయింది. "మా బిడ్డకు తొలి కాన్పు మేడం. తల్లిగారింట్ల చెయ్యాలె."

"ఈ రోజుల్లో ఇంట్లో ఎవరు కంటున్నారు జీవమ్మా? హాస్పిటల్లో డాక్టర్లుంటారు, నర్సులుంటారు. నువ్వెళ్ళి ఏం చేస్తావు?"

ఏం చేస్తుందా. ఆ ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పాలి, ఎందుకంటే జీవమ్మ అప్పుడు చెప్పలేకపోయింది. తొలి కాన్పుకి ఆడపిల్ల తల్లిగారింటికి వస్తుంది. నొప్పులొస్తే తల్లి చేయి పట్టుకుని అరుస్తుంది, తల్లినే తిడుతుంది, అత్తనైతే తిట్టలేదు కదా. పుట్టిన పసిగుడ్డుకు మొదటి స్నానం అమ్మమ్మ తన కాళ్ళ మీద వేసుకుని పోస్తుంది. బాలింతకు పథ్యం తల్లి వండుతుంది. తల్లి లేదంటే తల్లిగారిల్లే లేదు. జీవమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. మెట్‌పల్లిలో ఉండే బ్లెస్సీ అత్తగారు మాటల్లో తేల్చేసింది కూడా. తల్లి వస్తే పంపుతాం, రాకపోతే కాన్పు మా ఇంట్లోనే, కానీ ఇక ముందు తల్లిగారిల్లని ఈ పిల్ల నోరెత్తొద్దు.

"మీరు మాటిచ్చిండ్రు మేడం," అంది జీవమ్మ.

"ఇచ్చాం. ఇప్పుడు ఇటలీ ఇస్తున్నాం. ఎంతమంది నీలాంటివాళ్ళకి దక్కుతుంది ఈ అదృష్టం?" అని లక్ష్మిప్రసన్న లేచి వెళ్ళిపోయింది. ఇక ఆ రోజు నుంచి జీవమ్మ పేరు సామాన్ పట్టీలోకి ఎక్కింది. గ్రూపులో ఆడవాళ్ళతో మాట్లాడుతుంటే చెవిన పడింది. "ప్రెషర్ కుక్కర్, చింతపండు, ఆవకాయ, జీవమ్మ. నాలుగూ ఉంటే మనకి హోటళ్ళతో పనేముంది?" కోమోలో తీసుకున్న అద్దె ఇంట్లో వంటగది సోఫా మీద జీవమ్మ పడుకోవచ్చట. సరస్సు కనిపించే గదులు మిగతావాళ్ళకు.

బ్లెస్సీకి ఫోన్ చేసి చెప్పడానికి జీవమ్మకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. మూడో రోజు చెప్పేసింది.

"నాకెరుకనే," అంది బ్లెస్సీ. "పదో తరగతి పరీక్షలప్పుడు రాలె. జరమొచ్చి దవఖాన్ల పడ్డప్పుడు రాలె. పెండ్లికి సుట్టం లెక్క వచ్చి సుట్టం లెక్క పోయినవ్. ఇప్పుడన్న వస్తవనుకున్న సూడు, నాదే బుద్ధి తక్కువ."

"గట్లనకు బిడ్డ. పాస్‌పోర్ట్ వాళ్ళ తాన ఉన్నది. నేనేం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. ఇటలీ పో. మంచిగ ఫోటోలు దిగి పంపియ్, అత్తమ్మకు సూపిస్త." ఫోన్ పెట్టేసింది. జీవమ్మ ఆ రోజు పిల్లలకు పాలు పోస్తూ పొంగించేసింది, పొయ్యంతా పాలు, తిట్లు కూడా తింది.

శుక్రవారం తెలుగు సహవాసం ప్రార్థన జరిగే హాలుకి వెళ్ళింది. ఎవరికైనా చెప్పుకుంటే బరువు దిగుతుందనుకుంది. అక్కడ పక్కన కూర్చునే అక్సా జుఫైర్‌లో ఒక హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది, కాకినాడ వైపు పిల్ల. సంగతంతా విని మూతి ముడుచుకుంది.

"ఊరికే ఇటలీ చూపిస్తామంటే ఏడుస్తావేంటక్కా? నన్ను పంపమను, రేపే పోతాను."

"నీకు పెండ్లే కాలె, నీకేం తెలుస్తది కాన్పు సంగతి?"

"అంత ఇదైపోతే మొహం మీదే రానని చెప్పు. నీకు చెప్పే దమ్ము లేదు, నా మీద అరుస్తావు," అంది అక్సా, బైబిలు తెరిచి మొహం తిప్పుకుంది.

అక్సా నోరు ఊరుకోలేదు. ఆరాధన మధ్యలో సంగతి పాస్టరు సామ్యూల్‌గారి చెవిన పడింది. ఆయన సంతోషం పట్టలేకపోయాడు. "మన జీవమ్మక్కకి ప్రభువు ఇటలీ దారి తెరుస్తున్నాడు. వీసా కోసం అందరం ఏకీభవించి ప్రార్థన చేద్దాం," అన్నాడు. హాలంతా చేతులెత్తింది. మగవాళ్ళు గొంతు చించుకున్నారు, ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు, అక్సా కూడా ప్రార్థించింది, అసూయగా ప్రార్థించింది. ఆ కేకల మధ్య జీవమ్మ ఒక్కతే కళ్ళు మూసుకుని, పెదాలు కదపకుండా, "ప్రభువా, వీళ్ళ మాట ఇనకు, వీసా రావద్దు" అని వేడుకుంది. తన సంఘం మొత్తానికి వ్యతిరేకంగా ప్రార్థన చేసిన మనిషి బహ్రెయిన్‌లో ఇంకొకరు ఉండరు.

వీసా ఆఫీసుకు వెళ్ళే రోజు వచ్చింది. కారులో దారి పొడవునా లక్ష్మిప్రసన్న పాఠం చెప్పింది. ఎక్కడ పని చేస్తావంటే బహ్రెయిన్ అను. ఎందుకెళ్తున్నావంటే పిల్లల్ని చూసుకోవడానికి అను. తిరిగొస్తావా అంటే వస్తాను అను.

"ఇంకేం ఎక్కువ మాట్లాడకు. నీ భాష నాకే సగం అర్థం కాదు, వాళ్ళకేం అర్థమవుతుంది?"

"అట్లనే మేడం," అంది జీవమ్మ. ఆ మాట నిజంగానే అంది. లోపల వేడుకున్నది ఒకటి, ఎదురుగా మోసం చేయడం ఇంకొకటి. మోసం చేసే ఉద్దేశం ఆమెకు అప్పటికి లేదు, ఈ మాట నమ్మాలి.

లోపల కుర్చీల వరస, ఆ ముందు గాజు కిటికీలు. వీళ్ళ నంబరు పిలిచే కాసేపటి ముందే బ్లెస్సీ ఫోన్ చేసింది. "అత్తమ్మ అడుగుతున్నది, ఒకటే మాట చెప్పు, వస్తవా రావా?" జీవమ్మ గొంతు తగ్గించి, "ఇప్పుడేం చెప్పాలె బిడ్డ, ఈడ దుబాయిల వీసా ఆఫీసుల ఉన్న" అంటుండగానే లక్ష్మిప్రసన్న ఫోన్ లాక్కుని ఆపేసింది. "ఇక్కడ కూడానా నీ సొద?" అని పళ్ళు కొరికింది. అంతలో కిటికీ దగ్గరికి పిలిచారు. ఇద్దరూ లేస్తే, ముందు పనిమనిషి ఒక్కతే రావాలన్నాడు లోపలి అధికారి. చెమట పట్టిన చేతులు చీరకు తుడుచుకుంటూ జీవమ్మ వెళ్ళి నిలబడింది.

అధికారి కుర్రవాడే, మర్యాదస్థుడే. ఆమె ముఖం చూసి ఇంగ్లీషు మానేసి హిందీలోకి దిగాడు. ఎక్కడ పని చేస్తున్నావమ్మా అని అడిగాడు.

"దుబాయి మే," అంది జీవమ్మ.

అనేసింది. చెవిలో ఇంకా కూతురి గొంతే ఉంది, నోరు అలవాటు చొప్పున ఇంటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేసింది. కుర్రవాడు కాగితాలు చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ కాగితాలు చూశాడు. కాగితాల్లో అంతా బహ్రెయిన్. తొందరేం లేదు, బాగా ఆలోచించుకుని చెప్పు, నువ్వు ఉండేదీ పని చేసేదీ ఏ దేశంలో అని మెల్లగా మళ్ళీ అడిగాడు.

అప్పుడు జీవమ్మకు తాను చేసిన తప్పు అర్థమైంది. దిద్దుకోవడానికి ఒక్క మాట చాలు. ఆ మాట పొద్దుటి నుంచి బట్టీ పట్టించిందే, నాలుక మీదే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. లక్ష్మిప్రసన్న పక్క కుర్చీలో ఉన్న ఎవరో ఆడమనిషికి ఫోన్‌లో సరస్సు ఫోటో చూపిస్తోంది. ముఖం వెలిగిపోతోంది. ఆ చేతిలోనే ఇంకో ఫోన్ ఉంది, జీవమ్మది, ఆపేసి.

జీవమ్మ ముందుకు తిరిగింది. "దుబాయి మే సాబ్," అంది, ఈసారి తడబడకుండా. "బహుత్ సాల్ సే." చాలా ఏళ్ళ నుంచీ అని కూడా చేర్చింది, అడక్కపోయినా.

అతను ఏదో రాసుకున్నాడు. తర్వాత లక్ష్మిప్రసన్నను పిలిచి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆ మాటలు జీవమ్మకు అందలేదు. మేడం తల ఊపడం మాత్రం కనిపించింది. తిరిగొచ్చి "పద" అంది, అంతే. కారులో తిట్టలేదు. ఇల్లు చేరాక తిట్టలేదు. ఉప్పెక్కువైందని అరిచే మనిషి నోరు మెదపకపోయేసరికి జీవమ్మ ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు రుచి చూసుకుంది.

వీసా రాలేదు. ఆ కబురు వచ్చిన సాయంత్రం మొగుడూ పెళ్ళాల గదిలోంచి అరుపులు వినిపించాయి. పనిమనిషి లేకుండా తాను రానన్నాడు లక్ష్మణ్. నీ మెట్ల ఊళ్ళో ఇద్దరు పిల్లల్ని మోస్తూ తిరగడానికి నాకేం పట్టిందన్నాడు. ఏడాది నుంచి ఆ ఒక్కదాని కోసమే బతుకుతున్నానంది ఆమె. అలా బతకమని ఎవరన్నారన్నాడు ఆయన. తలుపు ధడాలుమంది. టికెట్లు వెనక్కి ఇచ్చేశారు. మర్నాడు పొద్దున లక్ష్మణ్ వంటింట్లోకి వచ్చి, జీవమ్మ ముఖం చూడకుండా, "చుట్టీకి మాటిచ్చాం కదా. జూలైలోనే వెళ్ళు. టికెట్ నేను తీస్తాను," అన్నాడు. మంచితనమో, పెళ్ళాం మీద కసో, రెండూ ఉండొచ్చు.

బ్లెస్సీకి ఫోన్ చేస్తే నమ్మలేదు. "ఇమానం దిగినంక చెప్పు," అంది.

ఇక నోరు మూసుకుని ఆ కొన్నాళ్ళు గడిపితే చాలు. అదే కష్టమైంది. లక్ష్మిప్రసన్న ఫోన్‌లో ఎవరితో మాట్లాడినా ఒకటే కథ. "దానికి బహ్రెయిన్‌కీ దుబాయికీ తేడా తెలీదండీ. ఇన్నేళ్ళుగా ఏ దేశంలో ఉందో తెలీకుండా బతికేస్తోంది." ప్రతిసారీ నవ్వు. తనను దొంగ అన్నా జీవమ్మ ఓర్చుకునేది. తెలివితక్కువది అంటుంటే కడుపు రగిలిపోయింది. తేడా తెలియకనా, తెలుసు కాబట్టే కదా నీ సరస్సు ఎండబెట్టాను అని ఆ ముఖం మీద అనేయాలని ఎన్నిసార్లు అనిపించిందో. కానీ పాస్‌పోర్ట్ ఇంకా మేడం అలమారాలోనే ఉంది. బ్లెస్సీ కడుపు కిందికి జారింది.

జీవమ్మ బయల్దేరే ముందు రోజు ఆ మూడు కుటుంబాలకూ ఇంట్లో భోజనాలు పెట్టింది లక్ష్మిప్రసన్న. వాళ్ళు ఇటలీ వెళ్తున్నారు, తాను వెళ్ళడం లేదు, అయినా నవ్వుతూ సాగనంపాలి. ఆ నవ్వు ఆమెకు ఎంత కష్టంగా ఉందో జీవమ్మకు కనిపిస్తూనే ఉంది, జాలి మాత్రం రాలేదు. గుత్తి వంకాయ, చేపల పులుసు, పులిహోర, అన్నీ జీవమ్మే వండింది. చేతులు విరిగేలా వండింది.

భోజనాల మధ్యలో ఒకావిడ అడిగింది. "నువ్వు లేకుండా ఏం బావుంటుంది ప్రసన్నా? అసలేమైంది వీసాకి?"

"ఆగండి, తన నోటితోనే వినండి," అంది లక్ష్మిప్రసన్న. "జీవమ్మా, ఇలా రా."

జీవమ్మ పులుసు గిన్నెతో వచ్చి నిలబడింది. బల్ల చుట్టూ అందరూ అప్పటికే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"నువ్వు ఏ దేశంలో పని చేస్తున్నావో చెప్పు వీళ్ళకి."

లక్ష్మణ్ తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. జీవమ్మ నోట్లోకి జవాబు వచ్చేసింది, పదునుగా, సిద్ధంగా. బహ్రెయిన్ల మేడం, అమ్వాజ్ల, ఈ ఇంట్ల, మీ ఎంగిలి గిన్నెలు కడుగుతున్న. అది అంటే అక్కడితో ఖలాస్. రేపటి విమానం ఉండదు, చుట్టి ఉండదు, బ్లెస్సీ మెట్‌పల్లిలో అత్త చేయి పట్టుకుని పళ్ళు బిగించుకుని కంటుంది, తిట్టడానికి కూడా ఎవరూ లేకుండా.

"దుబాయిల మేడం," అంది.

బల్లంతా పగలబడి నవ్వింది. ఒకాయనకు పొలమారింది. ఎవరో ఫోన్ తీసి వీడియో పట్టుకుని, మళ్ళీ చెప్పమ్మా అన్నారు. లక్ష్మిప్రసన్న నవ్వడం లేదు. జీవమ్మనే చూస్తోంది. "చెప్పు జీవమ్మా. ఇంకోసారి."

"దుబాయిల," అంది జీవమ్మ. గిన్నె బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయింది. పంపు పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో, ఇన్నేళ్ళుగా మింగిన తిట్లన్నీ పేరుపేరునా తిట్టింది. ఆడవాళ్ళు వాడకూడని మాటలు కూడా వాడింది. తిడుతూనే గిన్నెలన్నీ కడిగింది.

మర్నాడు లక్ష్మణ్ డ్యూటీకి పోవడంతో ఎయిర్‌పోర్టుకు లక్ష్మిప్రసన్నే కారులో తీసుకొచ్చింది. లోపలికి పోయే గేటు దగ్గర బ్యాగు దింపి, పాస్‌పోర్ట్, టికెట్ చేతికిచ్చింది. రెండూ చేతిలో పడగానే జీవమ్మ వాటిని జాకెట్లో దోపుకుంది. ఇక ఆగలేకపోయింది. అంతవరకు ఆగడమే గొప్ప.

"మేడం, ఒక మాట. ఆ దినం ఫస్టుసారి నోరు జారింది. రెండోసారి జారలె. ఎరుకుండే అన్న. మీ ముఖం సూసి అన్న."

చెప్పి, ఆ ముఖం మాడిపోవడం చూద్దామని నిలబడింది. అది మాడలేదు.

"తెలుసు," అంది లక్ష్మిప్రసన్న. "ఆ రోజే తెలుసు. ఆలోచించుకుని చెప్పమన్నా మళ్ళీ అదే చెప్పిందని, వెనక్కి తిరిగి నావైపు చూసి మరీ చెప్పిందని ఆ వీసా కుర్రవాడే నాతో అన్నాడు."

"మరి నన్నెందుకు పంపుతున్నరు?" అంది జీవమ్మ.

"పంపేది నేను కాదు, మా ఆయన. నా చేతుల్లో ఉంటే ఆ అలమారా తాళం తీసేదాన్నే కాదు. అది నా చేతుల్లో లేదు. ఉన్నది ఒక్కటే, నిన్న అందరి ముందూ నీచేత ఆ మాట అనిపించడం. అందుకే అనిపించాను. రెండుసార్లు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు అంత నిలకడగా చూసింది లేదు. తనను ఈ మనిషి ఏ రోజూ తెలివితక్కువది అనుకోలేదని, తెలిసి తెలిసే నవ్వించిందని జీవమ్మకు తెలిసి ఒళ్ళంతా మంటలు లేచాయి. ఆ మంట అడుగున ఎక్కడో, దిక్కుమాలిన తృప్తి కూడా ఒకటి కలిగింది.

"నేను మళ్ళ వస్తే ఏం జేస్తరు?" అంది.

"ఉప్పెక్కువైందంటాను," అంది లక్ష్మిప్రసన్న. కారెక్కి, అద్దం కూడా దించకుండా వెళ్ళిపోయింది.

జీవమ్మ లోపలికి వచ్చి వరసలో నిలబడింది. మనసు మనసులో లేదు. అనాల్సిన మాటలన్నీ ఇప్పుడు తోస్తున్నాయి, అప్పుడు తోచలేదే అని తనను తానే తిట్టుకుంటోంది. ఫోన్ మోగింది. బ్లెస్సీ.

"పోతున్నవా, మళ్ళ ఏమన్న అడ్డం పడ్డదా?" అదే గొంతు, అదే కోపం.

"లోపటికి వచ్చిన బిడ్డ. లైన్ల ఉన్న."

అటునుంచి ఏదో ఇనుప రేకు లాగుతున్న చప్పుడు, చీపురు చప్పుడు.

"ఏడున్నవే నువ్వు?" అంది జీవమ్మ.

"మనింట్ల. పొద్దుగాలనే వచ్చి తాళం తీసిన. మీ అమ్మ ఇమానం ఎక్కినంక పో అన్నది అత్తమ్మ. నేను ఇనలె. మా అమ్మ వస్తున్నది, నేను మా ఇంటికి పోతున్న అని చెప్పి బ్యాగు పట్టుకొని వచ్చిన." చీపురు చప్పుడు ఆగింది. "నువ్వు రాకపోతే ఈడ నేనొక్కదాన్నే ఉన్న. జల్ది రా."

నిన్న అంతమంది ముందు తడవని కళ్ళు అప్పుడు తడిశాయి. నిండు కడుపుతో చీపురు పట్టుకున్నందుకు కూతుర్ని నోటికొచ్చినట్టు తిడుతూ, వరసలో ముందుకు నడిచింది జీవమ్మ.